చేతి ఒత్తిడి, ఒంటికి ఊరట

మర్దన అంటే ఒంటిని చేత్తో ఒక క్రమంలో నిమరడం, ఒత్తడం, పిసకడం, రుద్దడం, తట్టడం. మనిషికి తెలిసిన అతి పాత వైద్యాల్లో ఇదొకటి. మోకాలు గోడకు కొట్టుకుంటే ఎవరూ చెప్పకుండానే చెయ్యి అక్కడికి పోయి రుద్దుతుంది. ఆ సహజమైన కదలికకు ఒక పద్ధతి, కొంత శిక్షణ తోడైతే అది మర్దన. తెలుగు ఇళ్లలో దీనికి పేర్లు చాలా ఉన్నాయి: తలంటు, నలుగు, నూనె పట్టించడం, కాళ్లు ఒత్తడం, మాలిష్. ఆయుర్వేదం దీన్ని అభ్యంగం అంటుంది, యునానీ వైద్యం దల్క్ అంటుంది. ఆస్పత్రుల్లోని ఫిజియోథెరపీ విభాగాలు కూడా వ్యాయామానికి తోడుగా దీన్ని వాడతాయి.

చర్మం మీద పడిన ఒత్తిడి లోపల ఏం చేస్తుందన్న దాని మీద గత 60 ఏళ్లలో చాలా పరిశోధన జరిగింది. కండల్లోంచి ఏదో చెడును పిండి బయటకు తీయడం వల్ల మర్దన పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. పరిశోధనలు మాత్రం ఎక్కువగా నాడుల వైపు, మెదడు వైపు వేలు చూపిస్తున్నాయి. దాని మేలు నిజమైనదే. ఆ మేలుకు హద్దులున్న మాటా నిజమే.

ఒళ్లు హూనమయ్యే పని

మర్దన విలువ తెలియాలంటే ఒంటితో బతికే మనుషుల్ని చూడాలి. హైదరాబాద్‌లో అలాంటివారు ఎక్కువగా కనిపించే చోటు జూబ్లీ హిల్స్, దాన్ని ఆనుకుని ఉన్న ఫిల్మ్‌నగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి మెల్లమెల్లగా తరలివచ్చి స్థిరపడింది ఈ బండరాళ్ల గుట్టల మీదే. తెర మీద కనిపించే నలుగురి వెనుక 24 క్రాఫ్టుల కార్మికులు పనిచేస్తారు. లైట్‌మన్ బరువైన లైట్లను భుజాన మోసుకుంటూ నిచ్చెనలెక్కుతాడు. స్టెడీక్యామ్ ఆపరేటర్ 20 కిలోలు దాటే సరంజామాను నడుముకు, భుజాలకు కట్టుకుని నటుల వెంట పరుగెత్తుతాడు. ఫైటర్ రోజంతా పడుతూ లేస్తూ ఉంటాడు. ఎడిటర్ మెడ ముందుకు చాచి గంటల తరబడి తెరకు అతుక్కుపోతాడు. మేకప్ మనిషి నిలబడే ఉంటాడు.

వీళ్లలో డాన్సర్ల ఒంటి మీద పడే భారం వేరు. ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాట అందుకు మంచి ఉదాహరణ. 2023లో ఆస్కార్ గెలిచిన ఆ పాటకు నృత్యం సమకూర్చింది ప్రేమ్ రక్షిత్. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరియిన్‌స్కీ భవనం ముందు దాన్ని తీశారు. ఇద్దరు కథానాయకుల అడుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలని దర్శకుడు రాజమౌళి పట్టుబట్టడంతో అదే అడుగు మళ్లీ మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ అడుగులో కాలు ఎగిరి నేలను తాకిన ప్రతిసారీ తొడ ముందు కండరం, పిక్క కండరం సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువును ఆపుతాయి. వాటిని అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసే పని అదే. మర్నాడు కంటే ఆ మర్నాడు ఆ కాళ్లు ఎక్కువ నొప్పి పెడతాయి. ఆ నొప్పి సంగతి ముందు ముందు వస్తుంది.

తలంటు నుంచి స్టాక్‌హోమ్ దాకా

నూనె మర్దన ఈ దేశంలో వైద్యంగా కన్నా ముందు దినచర్య. వాగ్భటుడి అష్టాంగ హృదయం దినచర్య అధ్యాయంలోనే అభ్యంగాన్ని రోజూ చేసుకోవాల్సిన పనుల్లో చేర్చింది. తల, చెవులు, పాదాల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టమంది. చరక సంహిత నూనె పట్టించిన ఒంటిని నూనె పీల్చిన కుండతో, తోలుతో, కందెన పెట్టిన బండి ఇరుసుతో పోల్చింది. అజీర్తిగా ఉన్నప్పుడు మర్దన వద్దన్న హెచ్చరిక కూడా ఆనాడే ఉంది. ఎప్పుడు చేయాలో చెప్పిన శాస్త్రమే ఎప్పుడు చేయకూడదో కూడా చెప్పిందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఆ దినచర్యలో నేటి తెలుగు ఇళ్లకు మిగిలింది పండగ తలంటు. భోగినాడు, ఉగాదినాడు, నరక చతుర్దశినాడు తెల్లవారుజామున మాడున నువ్వుల నూనె పెట్టి, ఒళ్లంతా పట్టించి, నలుగుపిండితో రుద్ది, కుంకుడుకాయ రసంతో తల రుద్దుకునే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. పెళ్లికూతురికి, పెళ్లికొడుక్కి నలుగు పెట్టడమూ ఆ కోవలోదే. సంస్కృత సాహిత్యం మర్దన చేసేవాడిని సంవాహకుడు అంది. శూద్రకుడి మృచ్ఛకటికంలో అలాంటి సంవాహకుడు ఒకడు జూదంలో ఓడిపోయి, చివరికి బౌద్ధ భిక్షువు అవుతాడు.

హైదరాబాద్‌కు రెండో సంప్రదాయం యునానీ ద్వారా వచ్చింది. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో దల్క్‌ను గట్టిది, మెత్తనిది, ఎక్కువసేపు చేసేది అంటూ రకాలుగా విడదీసి, ఒక్కోదాని ఫలితం ఒక్కోలా ఉంటుందని చెప్పాడు. ఇప్పటికీ ఈ రెండు పాయలూ నగరంలో పారుతున్నాయి. చార్మినార్ పక్కన యునానీ ఆస్పత్రి ఉంది. జూబ్లీ హిల్స్ నుంచి కొద్ది దూరంలోనే ఎర్రగడ్డలో బీఆర్‌కేఆర్ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది.

కళాకారుల మర్దనకు దక్షిణాదిలో గట్టి సంప్రదాయం ఉన్నది కేరళలో. కథకళి నేర్చుకునే పిల్లలకు వానాకాలంలో నెలల తరబడి ఒళ్లంతా నూనె పట్టించి, గురువు పైన కట్టిన తాడో కర్రో పట్టుకుని తన పాదాలతో వాళ్ల నడుమును, తొడలను తొక్కుతూ మర్దన చేస్తాడు. కలరిపయట్టులోనూ ఇదే పద్ధతి. నటనకు, యుద్ధకళకు ఒళ్లు వంగేలా చేయడమే దాని లక్ష్యం.

మన దేశపు మర్దన యూరప్‌కు చేరడం వెనుక ఒక పట్నా మనిషి ఉన్నాడు. 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండ్‌కు వెళ్లి, బ్రైటన్ సముద్ర తీరంలో ఆవిరి స్నానంతో కలిపి మర్దన చేసే స్నానశాల నడిపాడు. రాజు నాలుగో జార్జికి మర్దన వైద్యుడిగా నియామకం పొందాడు. ఒత్తమని అర్థమిచ్చే ‘చాంపో’ అన్న హిందీ మాట అలా ఇంగ్లిషులోకి పోయి, తల రుద్దే సబ్బునీళ్లకు షాంపూ అన్న పేరై మళ్లీ మన స్నానాల గదిలోకే వచ్చింది.

నేటి స్పాల్లో ఎక్కువగా వినిపించే ‘స్వీడిష్ మసాజ్’ను చాలామంది పెర్ హెన్రిక్ లింగ్‌కు ఆపాదిస్తారు. ఆయన 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యా సంస్థను స్థాపించిన మాట నిజం. అయితే నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అంటూ మర్దన కదలికలకు ఫ్రెంచి పేర్లు పెట్టి వర్గీకరించిన ఘనత డచ్చి వైద్యుడు యోహాన్ మెజ్గర్‌కు దక్కుతుంది. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘాన్ని పెట్టారు. వృత్తికి ప్రమాణాలు, పరీక్షలు ఉండాలన్నది వాళ్ల పట్టుదల. నేటి బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల సంఘం దాని నుంచే పెరిగింది.

చర్మం కింద జరిగేది

చర్మంలోను, దాని కింది పొరల్లోను స్పర్శను పసిగట్టే నాడీ చివరలు రకరకాలుగా ఉంటాయి. కొన్ని తేలికపాటి తాకిడికి, కొన్ని చర్మం సాగడానికి, కొన్ని ఒత్తిడికి, లోతుగా ఉండే పాసీనియన్ కణికలు కంపనానికి స్పందిస్తాయి. ఒత్తిడి అనే భౌతిక బలం నాడిలో విద్యుత్ సంకేతంగా ఎలా మారుతుందన్నది చాలాకాలం తేలలేదు. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం కణాల పొరలో పీజో1, పీజో2 అనే ప్రోటీన్లను కనుగొంది. కణం మీద ఒత్తిడి పడగానే ఇవి తలుపుల్లా తెరుచుకుని విద్యుదావేశమున్న అయాన్లను లోపలికి వదులుతాయి. స్పర్శకు ముఖ్యమైనది పీజో2. ఈ పరిశోధనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

వీటికి తోడు వెంట్రుకలున్న చర్మంలో ఇంకో రకం సన్నటి నాడులున్నాయి. ఎక్కడ తాకారన్నది చెప్పడం వీటి పని కాదు. తాకడం హాయిగా ఉందా లేదా అన్నది ఇవి మెదడుకు చేరవేస్తాయి. వీటికి వేగం ముఖ్యం. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, చర్మమంత వెచ్చగా ఉన్న చేయి మెల్లగా నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి; అంతకన్నా వేగంగా రాసినా, బాగా నెమ్మదించినా స్పందన తగ్గుతుంది. ఎవరూ నేర్పకపోయినా తల్లిదండ్రులు బిడ్డను దాదాపు ఇదే వేగంతో నిమురుతారని పరిశోధకులు గమనించారు. అనుభవమున్న మర్దనకారుడు చేతులు వెచ్చబరచుకుని, మెల్లటి నిమురుతో మొదలుపెట్టి, మెల్లటి నిమురుతోనే ముగించడంలో ఉన్న శాస్త్రం ఇదే.

కండరం వైపు చూస్తే, దానిలోనే సాగుదలను కొలిచే చిన్న పరికరాలుంటాయి. కండరం ఎంత బిగువుగా ఉండాలో వెన్నుపాము వీటి సంకేతాలను బట్టి నిర్ణయిస్తుంది. పిక్కను పిసుకుతున్నంతసేపు ఈ ప్రతిచర్య తీవ్రత తగ్గుతుందని 1990 నాటి ప్రయోగాలు చూపించాయి. చేయి తీయగానే అది మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. మర్దనతో ‘కండ వదులైంది’ అన్న అనుభవంలో కండరం ఆకారం మారడం కన్నా, దాన్ని బిగించమన్న నాడుల ఆజ్ఞ మెత్తబడడమే ఎక్కువ.

నొప్పికి అడ్డుపడే తలుపు

రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుంది? 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దీనికి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి సంకేతాలు సన్నటి నాడుల్లో నెమ్మదిగా ప్రయాణిస్తాయి. స్పర్శ, ఒత్తిడి సంకేతాలు లావుపాటి నాడుల్లో వేగంగా వస్తాయి. రెండూ వెన్నుపాములో ఒకే ద్వారం దగ్గర కలుస్తాయి. స్పర్శ సంకేతాలు దండిగా వస్తే ఆ ద్వారం నొప్పికి కొంత మూసుకుంటుంది. సిద్ధాంతంలోని వివరాలు తర్వాత చాలా సవరణలకు గురైనా, నొప్పి దెబ్బ తగిలినచోటి నుంచి మెదడుకు తిన్నగా పోయే గంట తాడు కాదనీ, దారిలో దాన్ని పెంచే, తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయనీ చెప్పే ఆలోచన నిలబడింది. మెదడు కూడా పైనుంచి ఆ ద్వారాన్ని అదుపు చేస్తుంది. భయంగా, ఆందోళనగా ఉన్నప్పుడు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నమ్మకమున్న చేతుల్లో తక్కువగా తెలుస్తుంది.

నడుం నొప్పి విషయంలో మర్దన మీద చాలా పరీక్షలు జరిగాయి. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో దీర్ఘకాలంగా నడుం నొప్పితో ఉన్న 401 మందిని మూడు జట్లు చేశారు. రెండు జట్లకు వారానికోసారి చొప్పున 10 వారాలు మర్దన, మూడో జట్టుకు మామూలు వైద్యం. మర్దన చేయించుకున్నవాళ్లు మెరుగ్గా కదలగలిగారు. ఆ మేలు 6 నెలల దాకా కనిపించింది. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఒక జట్టుకు ఏ కండరం పట్టేసిందో వెతికి దాన్నే లక్ష్యంగా మర్దన చేశారు. రెండో జట్టుకు ఒళ్లంతా హాయినిచ్చే మామూలు మర్దన చేశారు. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి పుట్టేలా నొక్కితేనే గుణం కనిపిస్తుందన్న నమ్మకానికి ఈ ఫలితం మద్దతివ్వదు.

అమెరికా వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో కాపడంతో పాటు మర్దనను చేర్చింది. అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష 2015లో కొంత జాగ్రత్తగా మాట్లాడింది: తాత్కాలిక ఉపశమనం ఉంది, కానీ ఆధారాల నాణ్యత తక్కువ. మెడ నొప్పి మీద 2014లో వచ్చిన ఇంకో అధ్యయనం మోతాదు గురించి చెప్పింది. గంటసేపు చొప్పున వారానికి రెండు మూడుసార్లు నాలుగు వారాలు చేసిన మర్దన గుణమిచ్చింది. అరగంట మర్దన అంతగా ఇవ్వలేదు. ఎప్పుడో ఒకసారి పది నిమిషాలు ఒత్తించుకుని, గంటల తరబడి మెడ వంచి కూర్చునే పనికి తిరిగివెళ్లే ఎడిటర్‌కు ఊరట నిలవకపోవడానికి ఇదొక కారణం. కూర్చునే తీరు మారకుండా, మెడకూ భుజాలకూ వ్యాయామం లేకుండా మర్దన ఒక్కటే ఆ నొప్పిని మాన్పదు.

అలసిన కండరానికి

అలవాటు లేని శ్రమ చేసిన మర్నాడు మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, తర్వాత దానంతటదే తగ్గే నొప్పి ఆటగాళ్లకు, డాన్సర్లకు బాగా తెలుసు. సాగుతూ బిగుసుకునే పనిలో కండరపు సన్నటి పోగులు అక్కడక్కడ చిట్లడం, దాన్ని బాగుచేయడానికి ఒళ్లు చేపట్టే వాపు ప్రక్రియ దీనికి కారణాలు. మెట్లెక్కడం కన్నా దిగడం, గుట్టెక్కడం కన్నా దిగడం మర్నాడు ఎక్కువ నొప్పి పెట్టేది ఇందుకే.

ఈ నొప్పికి మూలం కండల్లో పేరుకుపోయిన లాక్టిక్ ఆమ్లమనీ, మర్దన దాన్ని పిండేస్తుందనీ చాలామంది శిక్షకులు చెబుతుంటారు. ఇది నిజం కాదు. శ్రమలో పెరిగిన లాక్టేట్ విశ్రాంతి దొరికితే గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వస్తుంది. నొప్పి మొదలయ్యేది ఆ తర్వాత ఎన్నో గంటలకు. పైగా 2010లో కెనడాలో జరిగిన ఒక ప్రయోగంలో, గట్టి మర్దన వల్ల ఆ సమయంలో కండరానికి రక్తప్రసారం తగ్గి, లాక్టేట్ తొలగడం ఇంకా ఆలస్యమైంది.

మరి మర్దన చేసేదేమిటి? 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం కణం లోపలికే తొంగిచూసింది. 11 మంది యువకులతో అలసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక కాలికి 10 నిమిషాలు మర్దన చేసి, రెండో కాలిని అలాగే వదిలేశారు. తర్వాత రెండు తొడల నుంచి కండరపు చిన్న ముక్కలు తీసి పోల్చారు. మర్దన చేసిన కాలిలో వాపును రేపే సంకేతాలు తగ్గాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలను పెంచే సంకేతం పెరిగింది. లాక్టేట్‌లో తేడా లేదు. 11 మంది మీద జరిగిన చిన్న ప్రయోగం కాబట్టి దీని మీద పెద్ద మేడ కట్టకూడదు. అయినా చేతి ఒత్తిడి కణం లోపలి రసాయనాన్ని తాకగలదని ఇది చూపించింది. 2020లో వెలువడిన ఒక సమీక్ష ఆటల మర్దనపై లెక్క తేల్చింది: బలం, వేగం, దమ్ము పెరగవు, ఒళ్లు కొద్దిగా ఎక్కువ వంగుతుంది, శ్రమ తర్వాతి నొప్పి కొంత తగ్గుతుంది. మళ్లీ తెల్లవారి రిహార్సల్‌కు వెళ్లాల్సిన డాన్సర్‌కు ఆ ‘కొంత’ చిన్న విషయం కాదు.

మనసుకు, నిద్రకు

మర్దన మీద దొరికిన గట్టి ఆధారాల్లో కొన్ని మనసుకు సంబంధించినవి. 37 అధ్యయనాలను కలిపి చూసిన 2004 నాటి విశ్లేషణ ప్రకారం, ఒక్కసారి మర్దనతో అప్పటి ఆందోళన, రక్తపోటు, గుండె వేగం తగ్గుతాయి. వరసగా కొన్నిసార్లు చేయించుకుంటే స్వభావంగా ఉండే ఆందోళన, దిగులు కూడా తగ్గుతాయి. ఆ చివరి మేలు మానసిక చికిత్స వల్ల కలిగే మేలుకు దగ్గరగా వచ్చిందని ఆ విశ్లేషకులు రాశారు.

దీనికి కారణంగా ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పడిపోవడాన్ని చాలాకాలం చెప్పుకున్నారు. 2011లో లెక్కలు మళ్లీ సరిచూస్తే కార్టిసాల్ మీద మర్దన ప్రభావం చాలా స్వల్పమని తేలింది. మర్దన సమయంలో గుండె నెమ్మదించడం, ఊపిరి లోతుగా సాగడం కనిపిస్తాయి. శరీరాన్ని విశ్రాంతి స్థితిలోకి తెచ్చే నాడీ వ్యవస్థ పైచేయి సాధించడానికి అవి గుర్తులు. దానికి తోడు ఒక గంటసేపు ఫోను లేకుండా, మాట లేకుండా, ఎవరో ఒకరి శ్రద్ధలో పడుకోవడమూ మందే. రాత్రి షూటింగులతో నిద్ర వేళలు తారుమారయ్యే సినిమా మనుషులకు ఆ గంట విలువైనది. రోజూ వాడే బీపీ మాత్రకు మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

పసిబిడ్డ ఒంటికి

పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, పసిబిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, అరచేతిలో వెచ్చజేసిన నూనెతో వీపంతా కిందికి నిమురుతూ వచ్చే అమ్మమ్మను చూడని తెలుగు వీధి ఉండదు. వీపు అయ్యాక వెల్లకిలా తిప్పి, ఛాతీ మీద చేతులు అడ్డంగా మడిచి, కాళ్లు పొట్టకు ఆనించి తిరిగి చాపుతుంది. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు. స్నానం కాగానే బిడ్డ గాఢంగా నిద్రపోతుంది.

అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డలకు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున, 10 రోజులు నిమిరి, కాళ్లూ చేతులూ కదిపి చూసింది. ఆ బిడ్డలు మిగతావాళ్ల కన్నా రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఫీల్డ్ తర్వాత 1992లో మయామి విశ్వవిద్యాలయంలో స్పర్శ మీదే పరిశోధించే సంస్థను స్థాపించారు. నూనె ఎంపికకూ విలువ ఉంది. 2005లో ప్రచురితమైన ఢాకా అధ్యయనంలో నెలలు నిండని బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె పట్టిస్తే ఆస్పత్రిలో సోకే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. పలచని చర్మానికి ఆ నూనె ఒక కంచెలా పనిచేసింది.

ఈ అలవాటులో మార్చుకోవాల్సినవీ ఉన్నాయి. ముక్కులో, చెవుల్లో నూనె పోయకూడదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. తల గుండ్రంగా రావాలని నొక్కడం, ముక్కు తీరుగా రావాలని లాగడం మానాలి. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మెత్తటి చేయి, వెచ్చటి గది, బిడ్డ కళ్లలోకి చూస్తూ చెప్పే కబుర్లు ఉంటే చాలు.

మర్దన చేయలేనివి

మర్దన ఒంట్లోని విషాలను బయటకు తోలుతుందన్న ప్రకటనలు చాలా కనిపిస్తాయి. రక్తంలోని వ్యర్థాలను వడకట్టే పని మూత్రపిండాలది, కాలేయానిది. వాటికి మర్దన సాయమేమీ అక్కర్లేదు. పొట్ట మీద మర్దనతో కొవ్వు కరగదు. పొట్టిగా ఉన్నవారు పొడుగు కారు. తలంటు జుట్టుకు నిగారింపు, మాడుకు హాయి ఇస్తుంది, బట్టతలను మాన్పదు.

చర్మం కిందుగా సాగే శోషరసం విషయం కొంచెం వేరు. కణజాలంలో మిగిలిన ద్రవాన్ని మళ్లీ రక్తంలోకి చేర్చే ఈ నాళాలు చాలా సున్నితమైనవి. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంక కింది గ్రంథులను తీసేసిన కొందరికి చేయి వాస్తుంది. అలాంటివారికి 1930లలో డెన్మార్క్ వాసి ఎమిల్ వోడర్ రూపొందించిన అతి మెత్తని నిమురు పద్ధతిని, బిగుతైన కట్టుతో కలిపి, శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టులు ఇప్పటికీ వాడతారు. అది ఒక ప్రత్యేక వైద్యం. స్పా బల్ల మీద జరిగే గట్టి మర్దనతో దానికి పోలిక లేదు.

చెయ్యి వేయకూడని చోట్లు

ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని ఎవరూ ఒత్తకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకు వస్తుంది. దూర ప్రయాణం చేసి వచ్చినవారు, శస్త్రచికిత్స తర్వాత మంచం పట్టినవారు ఈ లక్షణాన్ని తేలిగ్గా తీసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మెడ ఇంకా ముఖ్యం. తల దువ్వి, ‘చంపీ’ అనే తల మర్దన చేసి, చివర్లో గడ్డం పట్టుకుని మెడను టక్కున విరిచే అలవాటు మన సెలూన్లలో ఉంది. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి పోతాయి. మెడను విసురుగా తిప్పితే వాటి లోపలి పొర చీలి, అక్కడ గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. మెడను ఎక్కువసేపు వెనక్కి వాల్చినా ప్రమాదమే. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా కళ్లు తిరిగి, వాంతులయ్యాయి. పరీక్షల్లో చిన్నమెదడులో రక్తం అందని భాగం కనిపించింది. వైద్యులు 1993లోనే ‘బ్యూటీ పార్లర్ పక్షవాతం’ అని పేరు పెట్టిన సమస్య ఇది. ఇలాంటివి అరుదు. అయినా మెడను విరిపించుకోకుండా ఉండడం, సింకు అంచున మెత్తని తువ్వాలు పెట్టించుకోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

షూటింగులో పడి చెయ్యో కాలో వాచిన ఫైటర్‌కు మొదట కావాల్సింది ఎక్స్‌రే. ఎముక విరిగినచోట, కీలు తప్పినచోట మర్దన చేస్తే విరిగిన అంచులు పక్కనున్న నాడులను, రక్తనాళాలను కోయగలవు. బెణికిన తొలి రెండు మూడు రోజులు విశ్రాంతి, చల్లని కాపడం, బిగువైన కట్టు మేలు. మర్దన ఆ తర్వాతి మాట. జ్వరం, చర్మవ్యాధి, తెరుచుకున్న గాయం ఉన్నప్పుడు మర్దన వద్దు. ఉబ్బిన సిరల మీద నొక్కకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి, ఎముకలు గుల్లబారిన పెద్దవారికి లోతైన ఒత్తిడి పనికిరాదు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఎంత గట్టిగా నొక్కుతున్నారో, నూనె ఎంత వేడిగా ఉందో చెప్పలేరు కాబట్టి వాళ్ల విషయంలో మరింత మెత్తదనం అవసరం. గర్భిణులు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు తమ వైద్యుడిని అడిగి, అందులో శిక్షణ ఉన్నవారి దగ్గరే చేయించుకోవాలి. ఈమధ్య ఇళ్లలోకి వచ్చిన మసాజ్ గన్‌లను మెడ ముందు భాగం మీద, వెన్నెముక మీద, ఎముక పైకి తేలిన చోట్ల వాడకూడదు.

మంచి మర్దన గుర్తులు

శిక్షణ ఉన్న మనిషి ఒంటి మీద చెయ్యి వేసేముందు ప్రశ్నలు వేస్తాడు: ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏ మందులు, ఏ శస్త్రచికిత్సలు. చేతులు కడుక్కుంటాడు, ఉతికిన దుప్పటి పరుస్తాడు, మర్దన చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లు కప్పి ఉంచుతాడు. ఒత్తిడి ఎలా ఉందని మధ్యమధ్యలో అడుగుతాడు. హాయితో కలిసిన నొప్పి ఫరవాలేదు. ఊపిరి బిగబట్టేంత నొప్పి వస్తే ఒత్తిడి తగ్గించాలి. తిమ్మిరి, కాలిలోకో చేతిలోకో కరెంటులా జరజరా పాకే నొప్పి వస్తే ఆపాలి. అన్ని రోగాలూ నయం చేస్తానని మాటిచ్చేవారి దగ్గరకు, వేసుకుంటున్న మందులు మానేయమని చెప్పేవారి దగ్గరకు వెళ్లకపోవడమే మంచిది.

ఇంట్లో మర్దనకు పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. గోరువెచ్చని నువ్వుల నూనె నాలుగు చెంచాలు, పాత దుప్పటి, అరగంట తీరిక చాలు. పాదాల నుంచి మొదలుపెట్టి గుండె వైపు పొడుగ్గా నిమురుతూ, కీళ్ల దగ్గర గుండ్రంగా తిప్పుతూ, పిక్కల దగ్గర, భుజాల దగ్గర ఎక్కువసేపు ఆగుతూ చేసుకోవచ్చు. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి వారానికో గంట మర్దన కొన్ని వారాలు సాగితే నొప్పి, బిగుతు తగ్గినట్టు అధ్యయనాలు చూపించాయి. దానితో పాటు నడక, తొడ కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉంటేనే ఆ మేలు నిలుస్తుంది. నూనె రాసుకున్న పాదాలతో స్నానాల గదిలోకి నడవడం పెద్దవారికి జారిపడే ప్రమాదం. పాదాలను ముందే తుడుచుకోవడం కూడా మర్దనలో భాగమే.

మర్దన జబ్బును మాన్పే వైద్యం కన్నా మనిషికి ఊరటనిచ్చే వైద్యం. నొప్పి కొన్నాళ్లు వెనక్కి తగ్గుతుంది, ఆందోళన సద్దుమణుగుతుంది, నిద్ర దగ్గరవుతుంది, శ్రమ తర్వాతి కండ నొప్పి కొంత తగ్గుతుంది. ఆ వ్యవధిలో వ్యాయామం చేయడానికి, కూర్చునే తీరు మార్చుకోవడానికి, అవసరమైతే వైద్యుడిని కలవడానికి మనిషికి వీలు చిక్కుతుంది. లైట్లు మోసిన భుజానికైనా, పాటకు ఎగిరిన కాలికైనా, కాళ్ల మీద పడుకున్న పసి వీపుకైనా తెలిసిన చేయి, తెలిసి పెట్టిన ఒత్తిడి ఇవ్వగలిగే సాయం ఇదే.